దిగుమతి గుడ్డయు గుణపరీక్షయు

పెండ్లికి పట్టుచీర కొనవలసివచ్చినప్పుడు మనవారు నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని పోవుదురు. అంచు చూతురు, సరిగ చూతురు, పగటి వెలుతురునకు దెచ్చి రంగు చూతురు. బొంతకు గుడ్డ కొనునప్పుడు మాత్రము వెల యొక్కటి యడిగి మూట గట్టించుకొని వత్తురు. పట్టుచీర సంవత్సరమునకు రెండు మూడు మారులు పెట్టె వెడలును. బొంత ప్రతిరాత్రియు శరీరమునకు దగిలియుండును. పసిబిడ్డ దాని చెరగును నోట బెట్టుకొనును. వృద్ధులు దానిని నమ్ముకొని వానకాలమును వెళ్లబుచ్చుదురు. ఎక్కువ వాడుకగల వస్తువునందు తక్కువ విచారణ చేయుట మన సంసారములలో పాదుకొన్న యలవాటు. ఆ యలవాటువలన నిప్పుడు కలుగుచున్న నష్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

నెల్లూరుసీమ సముద్రతీరమున నసలైన వానలు ఈశాన్యఋతుపవనముతో వచ్చును. ఆశ్వయుజ కార్తికమాసములందు కావలి మొదలుకొని వాకాడువరకు గల పల్లెలలో గోడలు చెమ్మగిల్లును, ఆరవేసిన బట్ట రెండు దినములైనను ఆరదు. ఆ దినములలో బొంతయే సంసారికి సంపద. పూర్వము మన యిండ్లలో బొంతకు గుడ్డ కొనుట యనునది లేదు. ముతకచీరలు, చిరిగిన ధోవతులు పొరలుగా బరచి, ముసలమ్మలు మధ్యాహ్నవేళ తీరికగా సన్నని కుట్టు వేయుచుండిరి. దూది బొంత కావలసినవారు దూదేకులవారిని పిలిపించి యింటిముంగిటనే దూది నేకించుకొనుచుండిరి. పాతచీర పదిమారులు చాకిరేవు చూచిన గుడ్డ. కారవలసిన రంగు అదివరకే కారిపోయినది, క్రుంగవలసిన నేత అదివరకే క్రుంగిపోయినది. దానియందు దాగిన దోష మేదియు మిగిలియుండదు. గనుకనే పాతగుడ్డ బొంత తరతరములు నిలిచినది.

ఇప్పుడు కాలము మారినది. ఇంట బొంత కుట్టువారు తగ్గిరి. పైగుడ్డ, లోగుడ్డ, నడిమి దూది, సమస్తమును బజారున కొనుచున్నారు. పువ్వులచ్చు వేసిన గుడ్డ మీటరులెక్కను గొంత, కిలోలెక్కను గొంత అమ్ముడుపోవుచున్నది. అందు మన దేశపు మిల్లులగుడ్డ యున్నది, చీనా మొదలగు పరదేశములనుండి యోడలమీద వచ్చిన గుడ్డయు నున్నది. ఏది యేదియో అంగడివానికే తెలియని సందర్భములును గలవు. కొనువాని కెట్లు తెలియును?

ఫిర్యాదులు నాలుగు

గృహస్థులనోట మేము వినుచున్న ఫిర్యాదులు ముఖ్యముగా నాలుగు. మొదటిది రంగును గూర్చినది. ఎఱ్ఱగుడ్డయు తెల్లగుడ్డయు జతచేసి కుట్టిన బొంత మొదటి యుతుకులోనే యంతయు గులాబిరంగై కూర్చుండును. రెండవది క్రుంగుటను గూర్చినది. పైగుడ్డ క్రుంగి లోగుడ్డ క్రుంగనిచో కుట్టు లాగుకొనిపోయి బొంత ముడుతలుపడును, దూది మూలలకు జేరును. మూడవది నేతను గూర్చినది. అంగడిలో దళసరిగ దోచిన గుడ్డ, గంజి వదలగనే జల్లెడవలె పలుచనై, దూదిపోగులను బయటికి విడుచును. నాలుగవది పేరును గూర్చినది. నూలుగుడ్డ యని చెప్పి పాలియెస్టరు కలిసినదానిని అమ్ముదురు. మా తీరపు ఉక్కలో నది చెమట పీల్చదు. దీపమో కుంపటియో తగిలినచో కరగి యొడలి కంటుకొనును.

ఈ నాలుగింటిలో మొదటి మూడును చేతగానితనమువలన గూడ కలుగవచ్చును. నాలుగవది మాత్రము అబద్ధము. అన్నిటికిని మూలము మాత్ర మొక్కటియే. అమ్మువాని కెఱిగిన సంగతి కొనువాని కెఱుగరాకుండుట. ఇది నేటి క్రొత్తకథ కాదు. మూడునూఱుల సంవత్సరములకు పైబడిన గుడ్డవర్తకమునందు ఈ తీరము అమ్మకందారుగాను కొనుగోలుదారుగాను రెండు వైపులను నిలిచి యనుభవము గడించినది.

ఈ తీరమమ్మిన గుడ్డ

నెల్లూరుసీమ దక్షిణభాగమున దుర్గరాజపట్టణమను పల్లె యున్నది. అచ్చట 1626లో ఇంగ్లీషు కంపెనీవారు కొఠీ వేసికొనిరి. దానికి వారు పెట్టుకొన్న పేరు ఆర్మగాన్. దానికి దిగువనున్న పులికాటులో అంతకుమునుపే, 1613లో, డచ్చివారు గెల్డ్రియా యను కోట నిర్మించిరి. 1639లో మద్రాసు స్థలమును సంపాదించిన పిదప ఇంగ్లీషువారు దుర్గరాజపట్టణమును విడిచిపోయిరి. వీరందఱును ఈ యిసుకతీరమున కేల వచ్చిరి? గుడ్డకొఱకు. మన నేతగాండ్రు నేసి, మన అద్దకమువారు అద్దిన గుడ్డకొఱకు. పులికాటు పేరు ఇంగ్లీషుభాషలో రంగురుమాలునకే పేరైపోయినది.

ఆ గుడ్డ యూరపు ఖండమున నేమైనదో తెలిసికొనుట మన ప్రస్తుతవిషయమునకు మిగుల నవసరము. కలముతో వ్రాసి యద్దిన మన గుడ్డలను అచ్చటివారు పడకమీద పఱచుకొనిరి, మంచముచుట్టును తెరలు కట్టిరి, బొంతలకు పైగుడ్డగా కుట్టించుకొనిరి. పలంగుపోషు అను మాట వారి నోట బడి పాలంపోరు ఐనది. అచ్చటి ఉన్ని పట్టు నేతగాండ్రకు పని పోవునంతటి ప్రచారము కలిగెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో నీ గుడ్డలను నిషేధించి 1759వరకు నిషేధమును నిలిపియుంచెను. ఇంగ్లండు పార్లమెంటు 1700లో నొకటి, 1721లో నొకటి శాసనములు చేసెను. శాసనముచేతనేగాని గుణముచేత మన గుడ్డను వారు గెలువలేకపోయిరి.

ఆ గుణమేమి? రంగు వదలకుండుట. మన తీరపు టిసుకనేలలలో చిరివేరు అను చిన్నమొక్క మొలచును. దాని వేరునుండియే ఆ యెఱుపు వచ్చెడిది. గుడ్డను కరక్కాయనీటను గేదెపాలను తడిపి, పటికనీటితో వ్రాసి, చిరివేరు కషాయమున నుడికించి, మరల మరల నుతికి ఎండవేయుచుండిరి. పటిక తగిలినచోట ఎఱుపు పట్టును, తగులనిచోట నుతుకులో పోవును. కూర్దూ అను ఫ్రెంచిపాదిరి 1742లో ఈ క్రమమునంతటిని తన దేశమునకు వ్రాసిపంపెను. ఇందు మనము గమనింపవలసిన దొకటి. ఉతుకుట యనునది ఆ తయారీలో నొక భాగము. కొనువాని యింట జరుగవలసిన పరీక్ష అద్దకమువాని రేవుననే ముందు జరిగిపోయెడిది. పరీక్షకు నిలువని రంగు అంగడికే చేరెడిది కాదు.

కొనువారును తక్కువవారు కారు. కంపెనీవారు మాదిరిగుడ్డ నొకదానిని దగ్గఱ బెట్టుకొని వచ్చిన ప్రతి తానును దానితో సరిచూచుచుండిరి. మాదిరికి తగ్గిన దానికి వెల తగ్గించుచుండిరి, మఱియు తగ్గినదానిని త్రిప్పిపంపుచుండిరి. ఇందు నేతగాండ్రకు జరిగిన అన్యాయములు లేకపోలేదు. అయినను గుడ్డ కొనువాడు మాదిరి నడుగవలెనను పాఠము మన తీరముననే వారు అమలుపఱచిరి. వెయ్యి తానులు కొన్న కంపెనీకి తగిన జాగ్రత్త నాలుగు మీటర్లు కొను గృహిణికి తగదా?

మాంచెస్టరు సుద్ద

తరువాత చక్రము తిరిగినది. పందొమ్మిదవ శతాబ్దమున లాంకషైరు మిల్లుగుడ్డ మన రేవులలో దిగనారంభించెను. 1861 మొదలు 1865వరకు అమెరికాలో నంతర్యుద్ధము జరిగి ప్రత్తి కఱవయ్యెను. ప్రత్తివెల పెరుగగా మిల్లుదారులు నూలు తగ్గించి తూకము నిలుపుకొను నుపాయము కనుగొనిరి. పడుగునకు గంజి పెట్టుట మన సాలెలును చేయుదురు. అది పోగు తెగకుండుటకు. వీరు పెట్టినది గంజి కాదు, చీనాసుద్ద. నూలెంత తూగునో అంత సుద్దయు నెక్కించిన గుడ్డలు తయారయ్యెను. సుద్ద రాలిపోకుండ తేమ నిలుపుటకు మెగ్నీషియము క్లోరైడు కలిపిరి. ఆ తేమవలన ఓడలోనే గుడ్డ బూజుపట్టగా, బూజు పట్టకుండ జింకు క్లోరైడు కలిపిరి. ఒక మోసమును కప్పుటకు మఱియొకటి, దానిని కప్పుటకు వేఱొకటి!

ఈ సుద్దవలన నష్టపడినవారు మన దేశపు కొనుగోలుదారులు మాత్రమే కారు. ఇంగ్లండులోని టాడ్‌మార్డెను పట్టణపు నేతపనివారు ఆ ధూళి పీల్చి రోగపీడితులగుచున్నామని మొఱపెట్టుకొనగా, 1872లో డాక్టరు బుకానను విచారణ జరిపి నివేదిక వ్రాసెను. కల్తీగుడ్డ కొన్నవాని నొకవైపున, నేసినవాని నొకవైపున కొట్టును. లాభము మధ్యనున్నవానికి.

ప్రభుత్వ మేమి చేసినది? 1889లో భారత సరకుల ముద్రాశాసనమును జేసెను. తానుమీద దాని పొడవును గజములలో స్పష్టముగ ముద్రింపవలెనని శాసించెను. పొడవు దొంగిలించు మోసమునకు దానివలన కొంత యడ్డుకట్ట పడినది. కాని గజముల సంఖ్యను ముద్రింపుమన్న శాసనము సుద్ద తూకమును ముద్రింపుమనలేదు. కొలతయందలి మోసము పట్టుబడెను, గుణమందలి మోసము తప్పించుకొనెను. నేటివరకును మన సంగతి యించుమించుగ నిట్లే యున్నదని చెప్పక తప్పదు.

1921 ఏప్రిల్ 7వ తేదీన మహాత్ముడు పెన్నయొడ్డున పల్లెపాటిలో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించినప్పుడు ఖద్దరును గూర్చి మనవారు విన్న బోధకు దేశాభిమాన మొక్కటియే యాధారము కాదు. నూలు ఎవరు వడకిరో, గుడ్డ ఎవరు నేసిరో తెలిసిన బట్టలో సుద్దకు చోటు లేదు. ఖద్దరునకు గల మర్యాదలో ఈ తెలియుట యనునదియు నొక పాలు.

రంగు కారిన మద్రాసు

అమ్ముచోటను తప్పు జరుగవచ్చును. అందు కొక యుదాహరణము లోకప్రసిద్ధము. మద్రాసు రుమాలుగుడ్డ మన చీరాలప్రాంతమునను ఇతర తీరగ్రామములందును చిరకాలము నేయబడి పశ్చిమాఫ్రికాకు పోవుచుండెను. నైజరు నదీముఖమందలి కలబారి జనులు దానిని ఇంజిరి యని పిలుచుచు, వాసన చూచియే అసలైనదో కాదో తేల్చుకొనుచుండిరి. ఆ జాతి గుడ్డయే 1958లో అమెరికాకు బోయినది. అమ్మినవాడు తరువాత లీలా హోటళ్లను స్థాపించిన కెప్టెను కృష్ణన్‌నాయరు. ఆయన చెప్పిన కథ యిది. ఈ గుడ్డను చన్నీళ్లలో మెల్లగ నుతుకవలెనని ఆయన న్యూయార్కు వర్తకునితో చెప్పెను. ఆ వర్తకుడు ఆ మాటను బట్టలు కుట్టించి యమ్మిన బ్రూక్సు బ్రదర్సువారితో చెప్పలేదు. కొన్నవారు యంత్రమున వేసి యుతుకగా రంగులన్నియు కలిసిపోయెను. ఫిర్యాదులు వెల్లువయ్యెను, వ్యాజ్యెమువరకు మాట వచ్చెను.

తుదకేమైనది? ఆ గుడ్డను మార్చలేదు, రంగును మార్చలేదు. ఉతికినకొలది రంగు కారి క్రొత్తఛాయ వచ్చుటయే దీని గుణమని పత్రికలలో ప్రకటించిరి. రంగు కారుట నిశ్చయమని హామీ యిచ్చి యమ్మిరి. నిన్న ఫిర్యాదు చేసిన దేశమే మఱునాడు ఎగబడి కొన్నది! ఇందు కొంత ప్రకటనకర్తల చాతుర్య మున్నమాట నిజము. కాని యందలి నీతి చాతుర్యముకంటె గొప్పది. రంగు కారుటకంటె, కారునని చెప్పకుండుట కొనువానికి గలిగిన పెద్ద నష్టము. తెలిసి కొన్నవాడు చన్నీళ్లలో నుతుకును, తెల్లగుడ్డతో జతపఱుపడు, వెల తన యిచ్చవచ్చినంత యిచ్చును. తెలియక కొన్నవాడు మోసపోయినవాడే యగును. కావున దిగుమతిగుడ్డ యంతయు చెడ్డదనియు, స్వదేశపుగుడ్డ యంతయు మంచిదనియు మేము వాదింపము. చెప్పి యమ్మినది మంచిసరకు, దాచి యమ్మినది చెడ్డసరకు.

చట్టములు లేకకాదు

ఇప్పుడు మనకు చట్టముల కొదవ లేదు. 1988 నాటి వస్త్రవినియోగదారుల రక్షణ నిబంధనలు గుడ్డమీద తయారీదారు పేరు, పొడవు వెడల్పులు, అందలి నూలు ఇతరపోగుల పాళ్లు ముద్రింపుమనుచున్నవి. దేహమునకు హానిచేయు రంగులలో బెంజిడీను జాతివి 42టిని 1993లోను, అజో జాతివి 70టిని 1997లోను మన ప్రభుత్వము నిషేధించెను. 2020 నాటి నియమములు దూరవాణి యంగళ్లలో నమ్ము ప్రతి దిగుమతి సరకునకును పుట్టిన దేశము పేరు చూపుమనుచున్నవి. 1985 నాటి శాసనముక్రింద చేమగ్గమునకు ప్రత్యేకింపబడిన పదునొకండు తరగతులలో పడకదుప్పట్లును గలవు. 2006లో చేమగ్గపుముద్ర యేర్పడినది. కలంకారికి భౌగోళికసూచిక వచ్చినది.

2025 ఫిబ్రవరిలో కేంద్రబడ్జెటు తొమ్మిది తరగతుల అల్లికగుడ్డలపై దిగుమతిసుంకమును నూటికి 20 వంతులు గాని, కిలోకు 115 రూపాయలు గాని, ఏది యెక్కువయో అది యని నిర్ణయించెను. ఇది మిల్లులకు మేలు. కాని సుంకము వెలను చూచునేగాని గుణమును చూడదు. సుంకము చెల్లించిన చెడ్డగుడ్డ చెడ్డగుడ్డయే. పైగా రేవున తానుమీద నున్న ముద్ర పల్లెటూరి యంగడికి వచ్చునప్పటికి కత్తెర పాలగును. తానుకొనయందు ముద్ర యుండును, కొనువానికి దక్కునది నడిమి తునుక. శాసనము తానువరకు వచ్చి యాగిపోవుచున్నది. ఈ కడపటి నాలుగుమీటర్ల దూరమును దాటింపవలసినవారు అంగడివారును మనమును.

కొనువారు చేయదగినది

పరీక్షకు యంత్రములక్కఱలేదు. కొనదలచిన గుడ్డ కొనను రెండుచేతుల నలిపి నల్లగుడ్డమీద దులుపవలెను. తెల్లనిపొడి రాలినచో మాంచెస్టరు సుద్ద యింకను చావలేదన్నమాట. తెల్లరుమాలును తడిపి ముదురురంగుమీద రుద్దవలెను. రంగు అంటినచో బొంతకు పనికిరాదు. వెలుతురున కెదురుగ బట్టి చూడవలెను. పోగులమధ్య కన్నులు కనబడినచో దూది నిలువదు. ఒక పోగు లాగి దీపమునకు జూపవలెను. నూలు కాగితమువలె కాలి బూడిదయగును, పాలియెస్టరు కరగి గట్టిపూసయగును. కలిసిన గుడ్డ రెండు గుణములను జూపును. ఎక్కువ కొనవలసివచ్చినచో ముందొక మూర తెచ్చి, కొలిచి, వేడినీళ్ల నుతికి, ఆరిన పిదప మరల కొలువవలెను. కొన్న గుడ్డ నంతటిని కత్తెర పెట్టకముందే యొకమారు తడిపి యారవేయుట సర్వోత్తమము. అమెరికాలో బొంతలు కుట్టువారిలో ననేకులు నేటికిని గుడ్డను ముందుగ నుతికియే కత్తిరింతురు. మన ముసలమ్మల పాతచీర నేర్పిన పాఠమును వారు క్రొత్తగుడ్డకు వర్తింపజేసికొనిరి.

రెండవది చీటీ. గుడ్డపేరు, నూలుపాలు వ్రాసిన చీటీ లేక వెల చెల్లింపరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణశాసనము చీటీ యియ్యకుండుటయే అనుచితవర్తకమని చెప్పుచున్నది. లోపముగల సరకును చీటీలో జెప్పిన గడువులోపల, గడువు లేనిచో ముప్పదిదినములలోపల, తిరిగి తీసికొననిచో అదియు నట్టిదే. కొనువాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. ప్లీడరు అవసరము లేదు. అయిదు లక్షల రూపాయలవరకు రుసుము లేదు. 1915 అను సంఖ్యకు ఫోనుచేసి మొదట సలహా పొందవచ్చును. రెండువందల రూపాయల గుడ్డకు వ్యాజ్యెమా యని నవ్వువారు గలరు. ఆ నవ్వే కల్తీకి పెట్టుబడి. ఒక్కొక్కని నష్టము చిన్నది గనుకనే మోసము పెద్దదగుచున్నది.

మూడవమాట వర్తకసోదరులతో. మీరు తరతరములుగా ఈ యూళ్లలో నమ్మకముమీద బ్రదికినవారు. తానునుండి తునుక కోయునప్పుడు ఆ ముద్రలోని నాలుగు మాటలు చీటీపైకి ఎక్కించుట మీకు భారము కాదు. ప్రతి గుడ్డవరుసకును ఒక చిన్న మాదిరితునుకను ఉతికి, ఉతుకనిదానిప్రక్కన వ్రేలాడదీయుడు. ఈ పని మొదట చేసిన యంగడికి జనము చెప్పకయే వత్తురు.

నాలుగవది భూస్వాములతోను పట్టణపు పెద్దలతోను. మీ కూలివాండ్రకు, పనివాండ్రకు పండుగకో వానకాలమునకో దుప్పట్లు పంచుట మంచియాచారము. తుపాను వచ్చినప్పుడు ఆ దానము మఱింత యెక్కువగును. దానపుగుడ్డను పరీక్షించువాడు లేడు గనుక, అంగటిలోని కడగొట్టుసరకు దానిక్రిందనే చెల్లిపోవుచున్నది. పుచ్చుకొన్న పేదవాడు నోరెత్తలేడు. ఆ దుప్పటి రెండు వానలకు జల్లెడయైనచో పుణ్య మెవరికి, లాభ మెవరికి? మీ యింటికి కొను గుడ్డను విచారించినట్లే దానపుగుడ్డను విచారింపుడు. సాధ్యమైనచో కోవూరుప్రక్కనున్న పాటూరు వంటి నేతగ్రామములనుండి, నేసినవాని నెఱిగి, ముందుగా చెప్పి నేయించుకొనుడు. వెల కొంత హెచ్చగును. కాని మగ్గమునకు పని దొరకును, గుడ్డకు పూచీదారు దొరకును. నేతగాండ్రును ఇది గుర్తింపవలెను. మరమగ్గపుగుడ్డను చేమగ్గపుదని యమ్మిన దినమున పరదేశపు సరకును నిందించు హక్కు మనకు పోవును.

ఒకకాలమున ఈ తీరమునుండి పోయిన గుడ్డను చూచి సముద్రముల కావలివారు తమ పడకలకు శోభ వచ్చినదనుకొనిరి. మన అద్దకమువాడు దానిని తన రేవున నుతికి, రంగు నిలిచినదని చూచుకొనియే పంపెను. నేడు ఓడ ఎదురుదిక్కునుండి వచ్చుచున్నది. వచ్చుటకు మనకు కోపము లేదు. ఆ రేవునందలి యుతుకు మాత్రము ఎవరో యొకరు చేయవలసియున్నది. పంపువాడు చేయనిచో అమ్మువాడు చేయవలెను, అమ్మువాడు చేయనిచో కొనువాడు చేయవలెను. ఎవ్వరును చేయనిచో, ఆ పని వానాకాలపు రాత్రి పసిబిడ్డ యొడలిమీద జరుగును. అంతవరకు రానీయకుండుట మన చేతిలోని పని.